అక్క వెతికిన కాలేజీ

నేను తొమ్మిదో తరగతిలోకి వచ్చిన వారానికే మా అక్క నాకు కాలేజీ వెతకడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు, తనకు పద్దెనిమిది. ఇంకా రెండేళ్లుంది కదా అని నేనంటే, పిండి కలుపుతున్న చేతిని ఆపి నా వైపు చూసింది.

"రెండేండ్లు ఉండంగనే వెతకాలె. నాకు ఎవ్వరు జెప్పలే. నీకు చెప్పేటందుకు నేనున్న."

ఆ మాట ఎందుకన్నదో తెలియాలంటే అంతకు రెండేళ్ల ముందు సంగతి చెప్పాలి.

మాది పినపాక దాటాక అడవిని ఆనుకుని ఉన్న చిన్న ఊరు. మా ఇంటి వసారాయే ఊరి పోస్టాఫీసు. నాయన బ్రాంచి పోస్టుమాస్టరు. పొద్దున రెండు మూడు గంటలు ఆ పని చూసుకుని, తర్వాత పొలం పోయేవాడు. మణుగూరు బస్సులో ఉత్తరాల సంచి దిగేది. అక్క ఆరో తరగతి నుంచే ఉత్తరాల మీద ముద్రలు వేసేది. చుట్టుపక్కల గూడేల వాళ్లకు ఉత్తరం వస్తే చదివి వినిపించేది, వాళ్లు చెప్పింది రాసిపెట్టేది. గూడెం ముసలమ్మలు తమ భాషలో ఏదో అని నవ్వితే తనూ ఆ భాషలోనే జవాబిచ్చేది. నాకు ఆ భాష నాలుగు మాటలకు మించి పట్టుబడలేదు.

అక్క పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. మా ఊళ్లో అంతకుముందు ఏ ఆడపిల్లా పది పాసు కాలేదు. ఫలితాలు తెలిసిన రోజు నాయన ఇంటింటికీ చక్కెర పంచాడు. అందరూ సంతోషపడ్డారు కాని, ఆ తర్వాత ఏం చేయాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పిలుపు ఏదో వస్తుందని అనుకున్నామేమో. జూన్ దాటింది. నాట్ల పని మీద పడింది. ఒకరోజు పిల్లలకు సూదులు వేయడానికి వచ్చిన నర్సమ్మ వసారాలో మంచినీళ్లు తాగుతూ, "ఏ కాలేజీల చేరినవ్?" అని అక్కనడిగింది. దరఖాస్తు అనేది ఒకటి పెట్టాలని, దానికి గడువుంటుందని మాకు అప్పుడే తెలిసింది.

మర్నాడే నాయన అక్కను కొత్తగూడెం తీసుకుపోయాడు. రైలు చూడాలని ఏడ్చి నేనూ వెంటపడ్డాను. ప్రయాణం పొడుగునా అక్క సర్టిఫికెట్ల కవరును ఒడిలో పెట్టుకుని, పైన రెండు చేతులూ ఆనించి కూర్చుంది. మేం చేరేసరికి పన్నెండు దాటింది. కాలేజీ ఆఫీసులో గుమాస్తా అక్క మార్కులు చూసి, "మంచి మార్కులే గదా," అన్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"అప్లికేషన్లు అయిపోయి నెల దాటింది. క్లాసులు గూడ మొదలైనయి."

"మాకు తెల్వలే సార్. అడవిల ఊరు మాది," అన్నాడు నాయన.

గుమాస్తా కసురుకోలేదు. నాయనకు కుర్చీ వేశాడు. లోపలికి పోయి ఎవరినో అడిగి కూడా వచ్చాడు. బైపీసీలో సీటు లేదు, హాస్టల్లో జాగా లేదు. కసురుకుంటే తిట్టుకునైనా ఇంటికి వచ్చేవాళ్లం. అంత మంచిగా లేదన్నాక తిట్టుకోవడానికీ వీల్లేదు, నాయన దండం పెట్టి లేచాడు.

అక్క ఒక్క మాట అడిగింది. "వచ్చే ఏడు ఎప్పుడు రావాలె సార్?"

"పది రిజల్టు రాంగనే రావాలమ్మా. మెమో కోసం గూడ ఆగొద్దు."

తిరుగు బస్సులో నాయన కొనిచ్చిన బత్తాయి పండును అక్క పాల్వంచ దాటి, బూర్గంపాడు దారి దాటి, మణుగూరులో దిగేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చుంది. నేను రైలు చూడనే లేదు. ఆ సంగతి ఎత్తడానికి భయమేసింది.

మరుసటి ఏడు ఫలితాల సమయానికి అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయింది. మూడు నెలలు బిందె ఎత్తొద్దన్నారు. వంటా, నీళ్లూ, పశువులూ అక్క మీద పడ్డాయి. "ఒక్క ఏడే గదా బిడ్డా," అన్నాడు నాయన. అక్క అవ్ అన్నది. ఆ పై ఏడు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అమ్మ కోలుకుంది, పశువులు కూడా తగ్గాయి, కాని అప్పటికి పోస్టు పని మొత్తం అక్క చేతికి వచ్చేసింది. నాయన చూపు మందగిస్తోంది. అక్క చేరతానంటే ఆయన వద్దనేవాడు కాదు. అక్క అనలేదు. తను అడగాలని వాళ్లు, వాళ్లు అడగాలని తను ఎదురుచూశారేమోనని నాకు ఇప్పుడనిపిస్తుంది.

నేను తొమ్మిదికి రావడం అదే ఏడు.

అక్క ముందు చిరునామాలు పోగేసింది. బస్సులో దిగిన నర్సులను, బడికి కొత్తగా వచ్చిన సార్లను, అటవీ శాఖ ఆఫీసర్ల భార్యలను, ఎవరు దొరికితే వాళ్లను "మీరెక్కడ చదివిండ్రు? అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ ఉన్నదా?" అని అడిగేది. నాకు సిగ్గనిపించేది. తర్వాత జవాబు కార్డులు రాసింది. ఆ రోజుల్లో రెండు కార్డులు అతుక్కుని వచ్చేవి. ఒకదాని మీద మనం రాస్తే, అవతలివాళ్లు రెండోది చింపి దాని మీద జవాబు పంపేవాళ్లు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం, హనుమకొండ కలిపి పదకొండు కాలేజీలకు రాసింది. "అయ్యా, మా చెల్లెలు ప్రస్తుతం తొమ్మిదవ తరగతి చదువుచున్నది" అని ప్రతి కార్డూ మొదలయ్యేది. మూడింటికే జవాబులొచ్చాయి. ఒకదానిలో, తమ చెల్లెలు పది పాసైన తరువాత రాయవలసిందని ఉంది. అక్క ఆ కార్డును పక్కకు పెట్టి, మిగతా రెండింటినీ నాకు చదివి వినిపించింది.

ఏం చదవాలో కూడా తనే అనుకుంది. బైపీసీ. తను చదవాలనుకున్నదది. నర్సమ్మ దగ్గర మందుల పేర్లు నేర్చుకుని, గూడెంలో ఎవరికి జ్వరమొచ్చినా చలిజ్వరమా కాదా అని తనే ముందు చెప్పేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది. నాకు మాత్రం జీవశాస్త్రం పుస్తకంలో బొమ్మ చూసి గీయడం కూడా వచ్చేది కాదు. నాకు తెలుగు వాచకం ఇష్టం. కొత్త పుస్తకాలొచ్చిన రోజే పద్యాలూ పాఠాలూ మొత్తం చదివేసేదాన్ని. ఆ మాట అక్కతో అనలేదు. అనాలని కూడా అనిపించలేదు. తను నాకోసం ఎండలో బస్సుల దగ్గర నిలబడి వాళ్లనూ వీళ్లనూ అడుగుతుంటే, నాకు సైన్సు వద్దని ఏ నోటితో అంటాను?

ఆ చలికాలంలో కల్లూరులో మా మేనమామ ఇంట్లో శుభకార్యానికి అమ్మా మేమిద్దరం వెళ్లాం. అమ్మ అక్కడ ఉండిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు అక్క నన్ను ఖమ్మంలో దింపింది. సరైన జవాబిచ్చిన ఆ రెండు కాలేజీల్లో ఒకటి అక్కడుంది, ఆడపిల్లలది, హాస్టల్ ఉన్నది. గేటు దగ్గర కాపలా ఆయన ఎవరు కావాలన్నాడు. అక్క కార్డు తీసి చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, మమ్మల్ని లోపలికి వదిలాడు.

ఆ రోజు అక్క అడగని ప్రశ్న లేదు. నీళ్లు రెండు పూటలా వస్తాయా, అన్నం కడుపునిండా పెడతారా, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషులో చెప్తే అర్థమవుతుందా. హాస్టల్ పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. అందులో ఒకమ్మాయి మాత్రం మాతో వచ్చి గదులు చూపించింది. తర్వాత ల్యాబు. అక్కడ తెల్లకోటు వేసుకున్న అటెండరు ఒకాయన గాజు పలకలు కడిగి తుడుస్తున్నాడు. అక్క గుమ్మం దగ్గర నిలబడి బల్ల మీద మైక్రోస్కోపును చూస్తూ ఉండిపోయింది.

"చూస్తవామ్మా?" అన్నాడాయన.

ఉల్లిపొర ముక్క ఒకటి పలక మీద పెట్టి సర్దాడు. అక్క చెప్పులు బయట విడిచి వెళ్లింది. ఒక కన్ను మూసి వంగి చూసింది. ఎంతసేపు చూసిందంటే అటెండరు కడగవలసిన పలకలన్నీ కడిగేశాడు. లేచాక ఆమె కంటి చుట్టూ గుండ్రంగా ముద్ర పడింది.

"ఇటుకలు పేర్చినట్టున్నది. నువ్వు జూడు," అంది.

నేను వంగాను. నాకేమీ కనబడలేదు. తెల్లటి వెలుగూ, దానికి అడ్డంగా నా కనురెప్ప వెంట్రుకలూ.

"కనబడ్డదా?"

"అవ్. కనబడ్డది."

ఆ అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో నాకు తెలియదు. అక్క మొహం చూశాక ఇంకో మాట రాలేదు. బస్టాండుకు నడిచి వస్తుంటే అక్క నా చేయి పట్టుకుంది. చిన్నప్పటి తర్వాత అలా పట్టుకోవడం అదే. "ఇదే నీ కాలేజీ," అన్నది. ఇంకా ఏడాదిన్నర ముందే నా చదువు అక్కడ నిర్ణయమైపోయింది.

నేను పది పాసయ్యాను, ఫస్టు క్లాసు కాదు, అయినా చాలింది. అక్క మెమో కోసం ఆగలేదు. దరఖాస్తులు ఇవ్వడం మొదలుపెట్టిన మొదటి రోజే ఖమ్మంలో ఉన్నాం. సీటు వచ్చింది. నన్ను హాస్టల్లో దింపేటప్పుడు అక్క నా పెట్టె తీసి బట్టలన్నీ తనే అలమరలో సర్దింది. రికార్డు పుస్తకాలకు అట్టలు వేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నన్ను వదిలి పోతూ ల్యాబు వైపు నుంచి తిరిగి వెళ్లిందని ఆ తర్వాత ఒకమ్మాయి చెప్పింది.

నేనక్కడ మొదటి నెల నుంచే మునిగిపోయాను. పాఠం ఇంగ్లీషులో. కప్పను కోసే రోజు కళ్లు తిరిగి కూలబడ్డాను. రాసుకున్నది రాసుకున్నట్టు బట్టీ పట్టేదాన్ని, పరీక్షలో ఒక్క మాట తప్పితే మిగతాదంతా పోయేది. ఇంటికి మాత్రం వారం వారం ఉత్తరం రాశాను, బాగానే చదువుతున్నానని. ఆ ఉత్తరాలు సంచిలోంచి తీసేది అక్కే. కప్పను కోసిన తర్వాత కూడా దాని గుండె కొంచెంసేపు కొట్టుకుంటుందని ఒక ఉత్తరంలో రాశాను. పుస్తకంలో చూసి రాసింది. నేను కళ్లారా చూసినట్టు రాశాను.

అర్ధసంవత్సర పరీక్షల మార్కులను కాలేజీ వాళ్లు నేరుగా ఇళ్లకు పంపారు. ఆ కవరు కూడా మా వసారాలోకే వచ్చింది.

ఒక మధ్యాహ్నం హాస్టల్ ఆయా వచ్చి, మీ అక్క వచ్చిందని చెప్పింది. ముందు వరండాలో, వచ్చినవాళ్లు కూర్చునే బెంచీ మీద అక్క ఒక్కతే ఉంది. తెల్లారుజామున మొదటి బస్సు ఎక్కి ఉంటుంది, జుట్టంతా దుమ్ము. కవరు తీసి నా చేతికిచ్చింది. నాలుగింటిలో తప్పాను. జువాలజీలో మరీ తక్కువ.

"నాయనకు చెప్పలే," అంది. నేను కాగితం మడిచి ఇచ్చాక, "నీకిది ఇష్టమేనా?" అని అడిగింది.

"లేదక్కా."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి."

"మరి మైక్రోస్కోపుల జూసినప్పుడు?"

"నాకేం కనబడలే."

ఎదురుగా పిల్లలు బట్టలు ఆరేస్తున్నారు. అక్క వాళ్లను చూస్తూ కూర్చుంది. నేను ఏడుస్తూ, "నువ్వు నన్ను ఎన్నడు అడగలే," అన్నాను. తను తిడితే బాగుండునని, తిట్టేలా చేయాలని అన్నాను.

"అవ్, అడగలే," అన్నది అక్క. "అడగాలని నాకు తోచలే. నన్నడిగితే నేనేం జెప్తనో, నువ్వు గూడ గదే జెప్తవనుకున్న."

ఆ రోజు తను లోపలికి పోయి లెక్చరర్లను కలిసింది. మధ్యలో గ్రూపు మార్చడం కుదరదని, ఏడాది వదులుకుని మళ్లీ మొదటి నుంచి చేరాలని చెప్పారు. అయితే చేరుస్తానంది. జూన్‌లో నన్ను కొత్తగూడెం తీసుకుపోయింది, మునుపు తనకు సీటు లేదన్న కాలేజీకే. ఆ పాత గుమాస్తా లేడు. ఆర్ట్స్ గ్రూపులో చేర్పించింది. ఫారం నింపుతుంటే నేనన్నాను, "నువ్వు గూడ ఒకటి పెట్టక్కా. బైపీసీ. నా పుస్తకాలన్నీ ఉన్నయి గదా."

"నాకు ఇరవై రెండొస్తున్నయి. పక్కన పదిహేనేండ్ల పిల్లలు కూసుంటరు."

"కూసుంటే ఏమైతది?"

"పోస్టు ఎవ్వరు జూస్తరు?" అని నా చేతిలోంచి కలం తీసుకుని, నేను తప్పు రాసిన పుట్టినతేదీని దిద్దింది. నేను ఇంకోసారి అడగలేదు. గట్టిగా పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఆ రోజు నాకు నా గ్రూపు మారిందన్న సంతోషమే ఎక్కువగా ఉంది.

నా బైపీసీ పుస్తకాలు ఇంటికి తీసుకుపోయింది. సెలవులకు వెళ్లినప్పుడు చూస్తే జువాలజీ పుస్తకం దూలం మీది పెట్టెలో, మిగతావాటి కింద ఉంది. మొదటి రెండు పాఠాల్లో పెన్సిలుతో గీతలున్నాయి. మూడో పాఠం నుంచి లేవు.

అప్పటి నుంచి అక్క నా చదువు సంగతి అడగడం మానేసింది. కోపం కాదు. ఇంటికి వెళితే ఎప్పటిలాగే చేపల పులుసు వండేది, తలకు నూనె పెట్టేది. పాసయ్యానంటే "మంచిది" అనేది. ఏ పాఠాలు, ఏ సార్లు, హాస్టల్లో అన్నం ఎట్లున్నది అన్న ఆ పాత ప్రశ్నలు మాత్రం లేవు. అవి లేకపోతే అంత బోసిగా ఉంటుందని నేననుకోలేదు. ఒకసారి నేనే, మా తెలుగు సారు నా వ్యాసం తరగతిలో చదివాడని చెప్పాను. అక్క వింటూనే ఉంది, కాని చేతులు చింతపండు పిక్కలు తీయడం ఆపలేదు.

నేను డిగ్రీ, ఆ తర్వాత బీఎడ్ చేసి కల్లూరు దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు టీచరునయ్యాను. నాయన చూపు పూర్తిగా తగ్గాక పోస్టు పని అక్క పేరు మీదికి వచ్చింది. మా ఊరి ఆయననే పెళ్లి చేసుకుంది. మంచివాడు. పిల్లలు కలగలేదు. ఆ విషయం మీద అక్క ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు.

తొంభైల్లో ఒక ఎండాకాలం నేను ఇంటికి వెళ్లి నాలుగు రోజులున్నాను. తిరిగి వచ్చే రోజు పొద్దున, గూడెం నుంచి ఒక తల్లి కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల ఆశ్రమ పాఠశాలలో చదువుతోంది. నెత్తికి నున్నగా నూనె రాసుకుని, రెండు జడలు వేసుకుని, మార్కుల కార్డును గుండ్రంగా చుట్టి పట్టుకుంది. తల్లి అక్కతో ముందు తమ భాషలో మాట్లాడి, తర్వాత నన్ను చూసి తెలుగులోకి మారింది.

"కాలేజీల సంగతి నీకే ఎరుకంట గదా అక్కా. మా పిల్ల తొమ్మిదికొస్తున్నది. ముందే అడిగి పెట్టుకుందమని వచ్చిన."

అక్క ముద్రలు వేస్తూ ఉంది. తలెత్తలేదు.

"నాకేం తెల్వదమ్మా. మీ బడిల సార్లనడుగుండ్రి."

"నువ్వు మీ చెల్లెను సదివిచ్చినవంట గదా."

"గదెప్పటిదో. ఇప్పుడు అన్ని మారినయి."

పిల్ల కార్డు విప్పబోయి, మళ్లీ చుట్టేసింది. ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్లు కనుమరుగయ్యాక నేనడిగాను, "నీకు తెల్వనిదేంది అక్కా?"

"తెల్సు," అన్నది. "చెప్తే మల్ల యాడ తప్పు జెప్తనో. ఇంకొకరి పిల్ల. నాకెందుకు?"

ఉత్తరాలు కట్టలు కట్టి లోపలికి వెళ్లింది. నేను వసారాలో కూర్చున్నాను. నేను టీచరును. ఏ నెలలో దరఖాస్తు ఇస్తారో, ఏ హాస్టల్లో ఏ పిల్లలకు సీట్లుంటాయో చెప్పడం నా పనే. పరుగెత్తనవసరం కూడా లేదు, కాస్త వేగంగా నడిస్తే గూడెం దారిలోని వాగు దగ్గర వాళ్లను అందుకునేదాన్ని. అక్క కాదన్నాక నేను వెళ్లి చెబితే తనకెట్లా ఉంటుందో అనుకున్నాను. వాళ్ల బడిలో ఎవరో ఒకరు చెబుతారులే అని కూడా అనుకున్నాను. ఎండ ముదిరింది. బస్సు టైమవుతోందని అక్క అన్నానికి పిలిచింది.

ఏడాది తర్వాత ఆ పిల్ల సంగతి అడిగాను. మిరపకాయలు కోయడానికి ఇంటిల్లిపాదీ అటెటో వలస పోయారని, పిల్లను కూడా తీసుకుపోయారని, బడికి తిరిగి వచ్చిందో లేదో తెలియదని అక్క చెప్పింది. అడిగినదానికి మాత్రమే చెప్పింది. ఆ తర్వాత నేనూ ఎవరినీ అడగలేదు.